తవుడు మీద బూజు పెంచిన శాస్త్రవేత్త – జోకిచి తకమినె

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని కబురు వచ్చినప్పుడు పాత విద్యార్థులమైన మేం నలుగురం కూర్చుని ఎవరి గురించి రాద్దామా అని ఆలోచించాం. అంబేద్కర్ గారి గురించి, జ్యోతిరావు ఫూలే గారి గురించి మన సంచికలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, రాయాలి కూడా. ఈసారి సైన్సు చదివే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పనికొచ్చేలా ఒక శాస్త్రవేత్త జీవితం రాద్దామని నిర్ణయించుకున్నాం.

ముందుగా హైస్కూల్లో చేసిన ఒక ప్రయోగం గుర్తు చేసుకుందాం. గంజిలో రెండు చుక్కల అయోడిన్ వేస్తే నల్లటి నీలం రంగు వస్తుంది. అదే గంజిలో కాస్త ఉమ్మి కలిపి, కొంతసేపు ఆగి అయోడిన్ వేస్తే ఆ రంగు రాదు. అన్నం ముద్దను మింగకుండా నములుతూ ఉంటే నోరు తియ్యబడుతుంది కూడా. ఉమ్మిలో అమైలేజ్ అనే ఎంజైము ఉందనీ, అది అన్నంలోని పిండిపదార్థాన్ని విరగ్గొట్టి చక్కెర చేస్తుందనీ మాస్టారు చెప్పారు. మేం రాసుకున్నాం, మార్కులు తెచ్చుకున్నాం, అక్కడితో మరచిపోయాం. ఇదే పని చేసే ఎంజైమును బూజు నుంచి తీసి, పొడి చేసి, సీసాలకెత్తి, ప్రపంచమంతా మందుల షాపుల్లో అమ్ముడయ్యేలా చేసిన మనిషి ఒకరున్నారని మాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు. జపానులో ఎంతో పేరున్న ఆ మనిషే జోకిచి తకమినె.

బాల్యం, చదువు

తకమినె 1854 నవంబరు 3న జపానులోని తకఓకా పట్టణంలో పుట్టారు. పెరిగింది దగ్గర్లోని కనజవాలో. తండ్రి వైద్యుడు, అక్కడి సంస్థానాధీశుని కొలువులో ఉండేవాడు. తల్లి పుట్టింటివారు సాకే కాచేవారు. సాకే అంటే బియ్యంతో చేసే జపాను సారాయి. ఆయన మనలాగా కూలి చేసుకునే ఇంట్లో పుట్టారని మేం చెప్పడం లేదు. ఇంట్లో పుస్తకాలున్నాయి, చదివించే తండ్రి ఉన్నాడు. అయితే ఒక్క విషయంలో ఆయన మన హాస్టల్ పిల్లల్లో ఒకడు. 1865లో, పదకొండో పన్నెండో ఏళ్ళ వయసులో, సంస్థానం ఖర్చు మీద విదేశీ చదువు నేర్చుకోవడానికి ఇల్లు విడిచి దూరాన ఉన్న నాగసాకి వెళ్ళారు. అమ్మానాన్నలు దగ్గర లేకుండా, పరాయి ఊళ్ళో, పరాయి భాషలో చదువుకోవడం ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు. ట్రంకు పెట్టె పట్టుకుని మొదటిసారి ఈ గేటు దాటిన రోజు మనలో ఎవరికీ మరుపు రాదు.

తర్వాత ఆయన కొంతకాలం వైద్యం చదివారు. మనసు రసాయన శాస్త్రం మీదికి మళ్ళింది. టోక్యోలోని ప్రభుత్వ ఇంజినీరింగు కాలేజీలో అప్లైడ్ కెమిస్ట్రీ చదివి 1879లో పట్టా పుచ్చుకున్నారు. అక్కడ చదువు పూర్తి చేసిన మొట్టమొదటి బ్యాచి అదే. 1880లో ప్రభుత్వమే ఆయన్ని స్కాట్లండులోని గ్లాస్గోకు పంపింది. 1883లో తిరిగివచ్చి ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు.

1884లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనకు జపాను తరఫున వెళ్ళారు. అక్కడ రెండు జరిగాయి. కరోలిన్ హిచ్ అనే అమెరికా అమ్మాయిని చూశారు, 1887లో పెళ్ళి చేసుకున్నారు. రెండోది, ఫాస్ఫేటు రాయిని చూశారు. మన ఊళ్ళో రైతులు సూపర్ బస్తా అంటారే, ఆ సూపర్ ఫాస్ఫేటు తయారయ్యేది ఆ రాయితోనే. దాన్ని జపానుకు తెప్పించి, 1887లో కొందరు వ్యాపారులతో కలిసి టోక్యోలో ఎరువుల కంపెనీ మొదలుపెట్టారు.

తవుడు మీద బూజు

ఇక అసలు విషయానికి వద్దాం. జపానువాళ్ళు వందల ఏళ్ళుగా కోజి అనేదాన్ని వాడుతున్నారు. బియ్యాన్ని ఆవిరి మీద ఉడికించి, పళ్ళేల్లో పరిచి, దాని మీద ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే బూజు విత్తనాలు చల్లుతారు. రెండు రోజుల్లో బియ్యమంతా తెల్లటి నూగుతో కప్పుకుపోతుంది. ఆ బూజు వదిలే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ చక్కెరను ఈస్ట్ తిని సారాయి చేస్తుంది. తకమినె తల్లి పుట్టింట్లో తరతరాలుగా జరిగిన పని ఇదే. కోజి లేకుండా సాకే లేదు, సోయా సాస్ లేదు, మిసో అనే సోయా ముద్ద లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. బూజు అనగానే ఏ బూజైనా మంచిదే అనుకోకండి. ఈ కోజి బూజుకు దగ్గరి చుట్టం ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. వేరుశనగ కాయలు తడిసినప్పుడు పట్టి, అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదిలేది అదే. కోజి బూజు మనుషుల చేతుల్లో తరతరాలుగా సాధుజంతువులా పెరిగినది. హాస్టల్ గదిలో బూజు పట్టిన రొట్టెను మాత్రం పారెయ్యాల్సిందే.

అమెరికాలో విస్కీ చేసేవాళ్ళు పిండిని చక్కెరగా మార్చడానికి మాల్ట్ వాడేవారు. మన అమ్మలు రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి రాగి మాల్ట్ చేసినట్టే వాళ్ళు బార్లీతో చేసేవారు. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములే అక్కడ పని చేసేవి. దానికి మంచి ధాన్యం కావాలి, చాలా రోజులు పడుతుంది. కోజి బూజును గోధుమ తవుడు మీద పెంచితే అదే పని రెండు రోజుల్లో, తక్కువ ఖర్చుతో అవుతుందని తకమినె లెక్క వేశారు. తవుడంటే పశువులకు వేసేది. దాని మీద పండిన పంటతో మేలైన ధాన్యం చేసే పని చేయించవచ్చని ఆయన చూపించారు.

1890లో భార్యనూ ఇద్దరు చిన్న పిల్లలనూ తీసుకుని అమెరికా వెళ్ళారు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియా ఊళ్ళో విస్కీ బట్టీల్లో ఈ పద్ధతి మొదలుపెట్టారు. మాల్ట్ వ్యాపారం మీద బతికేవాళ్ళకు ఇది కంటగింపైంది. 1891లో ఆయన పని చేస్తున్న బట్టీ కాలిపోయింది. ఆపైన కాలేయం జబ్బు చేసి ఆపరేషను దాకా వెళ్ళింది. చేతిలో డబ్బు లేదు, దేశం తనది కాదు. జపాను నుంచి వచ్చినవారికి అమెరికా పౌరసత్వం దక్కే వీలు ఆనాటి చట్టంలో లేదు. ఆయన అక్కడ ముప్ఫై ఏళ్ళకు పైగా బతికి, ఎంతో పేరు సంపాదించి కూడా ఆ దేశ పౌరుడు కాలేకపోయారు.

అంతటి కష్టంలోనూ ఆయన పని మానలేదు. విస్కీకి పనికిరానిది ఇంకెందుకైనా పనికొస్తుందేమో అని చూశారు. బూజు పెరిగిన తవుడును నీళ్ళలో నానబెట్టి, ఆ నీటికి ఆల్కహాలు కలిపితే ఎంజైములు అడుక్కి దిగుతాయి. వాటిని ఆరబెడితే పొడి. దీనికి 1894లో అమెరికా పేటెంటు వచ్చింది. సూక్ష్మజీవుల ఎంజైములకు ఆ దేశంలో వచ్చిన తొలి పేటెంట్లలో ఇదొకటి. పార్క్ డేవిస్ అనే మందుల కంపెనీ ఆ పొడిని తక-డయాస్టేజ్ అన్న పేరుతో అన్నం, రొట్టె అరగనివారికి మందుగా అమ్మింది. జపానులో సాంక్యో కంపెనీ అమ్మింది. 1913లో ఆ కంపెనీకి తకమినెనే తొలి అధ్యక్షుడయ్యారు.

పేరు రాని కుర్రవాడు

1900లో తకమినె న్యూయార్కులోని తన చిన్న ప్రయోగశాలలో మరో పని తలపెట్టారు. మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల్లో రక్తపోటును పెంచే పదార్థమేదో ఉందని అప్పటికే తెలుసు. దాన్ని శుద్ధంగా ఎవరూ తీయలేకపోయారు. ఆ ఏడాది జపాను నుంచి కీజో ఉఎనకా అనే ఇరవైల్లో ఉన్న కుర్రవాడు సహాయకుడిగా వచ్చాడు. కబేళా నుంచి తెచ్చిన గ్రంథులతో రాత్రింబవళ్ళు పని చేసి కొద్ది నెలల్లోనే స్ఫటికాలు తీశాడు. దానికి అడ్రినలిన్ అని పేరు పెట్టారు. శుద్ధంగా వేరుచేసిన మొదటి హార్మోను అదేనని చెబుతారు. పాముకాటుకిచ్చిన మందు పడక ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడనివారికి డాక్టరు వెంటనే ఇచ్చే ఇంజక్షను అడ్రినలినే.

పేటెంటు మీద తకమినె పేరొక్కటే ఉంది. 1901లో లోకానికి చాటిన పత్రాల మీదా ఆయన పేరే. ఉఎనకా చేతిరాతతో ఉన్న ప్రయోగాల నోటు పుస్తకం నిలిచి ఉండబట్టి, ఆ స్ఫటికాలు ఎవరి చేతిలో తేలాయో తర్వాతివాళ్ళకు తెలిసింది. మేం తకమినెను గౌరవిస్తూనే ఈ మాట దాచకుండా రాస్తున్నాం. మన తాతలు తవ్విన చెరువుల శిలాఫలకాల మీద ఎవరి పేర్లున్నాయో మనకు తెలుసు. అందుకే చేసిన పనిని తేదీ వేసి నోటు పుస్తకంలో రాసుకోవడం నేర్చుకోండి. రేపు మీరు పెద్దవాళ్ళైనప్పుడు మీ దగ్గర పని చేసినవాళ్ళ పేరు రాయడమూ మరవకండి.

ఆ పొడిలో ఇంకేముంది?

తకమినెకు ఎంజైము ఆకారం తెలియదు. ఆ కాలంలో ఎవరికీ తెలియదు. ఆ పొడిలో ఒకటి కాదు, ఎన్నో ఎంజైములున్నాయని తర్వాత బయటపడింది. వాటి ఆకారాలు ఒక్కొక్కటే తేలుతూ వచ్చాయి. మా ఉద్దేశంలో తకమినె జీవితంలో ముచ్చటైన భాగం ఆయన పోయాక జరిగినదే.

మొదట అమైలేజ్ సంగతి. దీన్ని తక-అమైలేజ్ ఎ అంటారు. 478 అమైనో ఆమ్లాల గొలుసు ఇది. దీని ముడత ఎలా ఉందో 1984లో జపాను శాస్త్రవేత్తలు ఎక్స్-కిరణాలతో చూసి ప్రకటించారు. మధ్యలో పీపాలాంటి కట్టు, దాని ఒక కొసన పొడవాటి గాడి. పిండిపదార్థమంటే గ్లూకోజు పూసల దండ. గాడిలో వరసగా కొన్ని పీటలున్నాయి, ఒక్కో పీట మీద ఒక్కో పూస కూర్చుంటుంది. కోత మధ్యలో పడుతుంది. దండ కొస కోసం ఇది వెతకదు, నడుమ ఎక్కడ దొరికితే అక్కడే పట్టుకుంటుంది. అందువల్ల బియ్యం పిండి, మొక్కజొన్న పిండి, బంగాళదుంప పిండి, మన కాలేయంలో దాగే గ్లైకోజన్, ఏదైనా దీనికి సరే. హద్దు కూడా ఉంది. దండకు కొమ్మ చీలినచోట ముడి వేరు, దాన్ని ఇది కోయలేదు. వరిగడ్డిలోని సెల్యులోజు కూడా గ్లూకోజు దండే. పూసలు ముడిపడిన తీరు వేరు కావడంతో ఆ దండ ఈ గాడిలో కూర్చోదు.

1957లో సాతో, ఎగామి అనే శాస్త్రవేత్తలు తక-డయాస్టేజ్ నుంచి ఆర్.ఎన్.ఎ.ను కోసే ఎంజైమును వేరుచేశారు. పేరు రైబోన్యూక్లియేజ్ టి1. ఆర్.ఎన్.ఎ.లో ఎ, జి, సి, యు అని నాలుగు బేసులుంటాయని మీకు తెలుసు. టి1 ఒక్క జి పక్కన మాత్రమే కోస్తుంది. జి బేసు ఆకారానికి సరిగ్గా సరిపడే జేబు దానిలో ఉంది. మిగతావి అందులో నప్పవు. ఇది తాళంచెవి లాంటిది, ఒక తాళమే తీస్తుంది. ఆ నియమం ఉండబట్టే అది శాస్త్రవేత్తలకు పనికొచ్చింది. రాబర్ట్ హాలీ 1965లో ఒక టి-ఆర్.ఎన్.ఎ. అక్షరాల వరస మొత్తం చదవడానికి వాడిన ఎంజైముల్లో ఇదొకటి. హాలీకి 1968లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతిని పంచుకున్న ముగ్గురిలో మన దేశంలో పుట్టిన హరగోవింద ఖొరానా కూడా ఉన్నారు.

1966లో ఆందో అనే శాస్త్రవేత్త ఆ ఆస్పర్జిల్లస్ సరుకులోనే ఇంకో ఎంజైమును చూపించారు. దాన్నే ఎస్1 న్యూక్లియేజ్ అంటున్నాం. ఇది టి1కు పూర్తిగా తిరగబడ్డ స్వభావం గలది. ఎ, జి, సి, టి, యు ఏదైనా సరే కోస్తుంది. డి.ఎన్.ఎ. అయినా కోస్తుంది, ఆర్.ఎన్.ఎ. అయినా కోస్తుంది. ఒంటిపేటగా ఉన్నవాటినే ఎక్కువ ఇష్టపడుతుంది. 1977లో బెర్క్, షార్ప్ అనే ఇద్దరు జతపడని ఒంటిపేట ముక్కలను దీనితో తీసేసి, మిగిలిన జంటపేటలను కొలిచి, జన్యువులో ఏ భాగం నుంచి ఆర్.ఎన్.ఎ. తయారవుతుందో గుర్తించే పద్ధతిని కనిపెట్టారు.

ఒకే బూజు చేసిన రెండు ఎంజైముల్లో ఒకటి అంత పట్టింపుగా, ఇంకొకటి ఇంత ఉదారంగా ఎందుకుంది? ఎస్1 ఆకారం 2016లో ప్రకటించాక ఇది బాగా అర్థమైంది. దాని చీలిక అడుగున మూడు జింక్ అయాన్లు కూర్చుని ఉన్నాయి. అవి పట్టుకునేది ఫాస్ఫేటును. డి.ఎన్.ఎ.లోనైనా, ఆర్.ఎన్.ఎ.లోనైనా, ఏ రెండు అక్షరాల మధ్యనైనా ఫాస్ఫేటు ఒకటే. బేసు కూర్చునే చోటు వెడల్పుగా ఉండి, ఏది వచ్చినా సర్దుకుంటుంది. కొడవలిని చూడండి. వరి, జొన్న, గడ్డి ఏదైనా కోస్తుంది, ఎందుకంటే అది కంకి జోలికి పోదు, కాడను పట్టుకుంటుంది. ఎస్1 కూడా కాడను పట్టుకునే రకం.

ఇంకో సంగతి. టి1 ఆర్.ఎన్.ఎ.ను కోయడానికి ఆ ఆర్.ఎన్.ఎ. చక్కెరలోనే ఉన్న ఒక ఓహెచ్ గుంపును కత్తిగా వాడుకుంటుంది. డి.ఎన్.ఎ. చక్కెరలో ఆ గుంపు లేదు, అందుకని టి1 దాన్ని ఏమీ చేయలేదు. ఎస్1 తన కత్తి తానే తెచ్చుకుంటుంది. జింక్ దగ్గర పదునెక్కిన నీటి అణువే ఆ కత్తి. ఎదుటివాడి దగ్గర ఏముందన్న దాంతో దానికి పనిలేదు. మరి జంటపేట మీద అంత ఇష్టం ఎందుకు లేదంటే, కోసే చోటు చీలిక అడుగున ఉంది. వంగే ఒంటిపేట అక్కడిదాకా దిగుతుంది. బిగువైన జంటపేట అంత సులువుగా దిగలేదు.

ఆకారమే పనిని నిర్ణయిస్తుందని ఇంటర్ పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. మేం ఆ వాక్యాన్ని బట్టీ పట్టాం. తకమినె పొడి కథ చదివాకే అది నిజంగా అర్థమైంది.

చివరి రోజులు

తకమినె సంపాదించింది దాచుకోలేదు. వాషింగ్టన్ నగరంలో నది ఒడ్డున చెర్రీ పూల చెట్లు నాటాలన్న ఆలోచనకు డబ్బిచ్చినవారిలో ముఖ్యుడు ఆయనే. కానుక మాత్రం టోక్యో నగరం పేరు మీద వెళ్ళింది. 1910లో వచ్చిన 2000 మొక్కలకు పురుగు పట్టిందని తగలబెట్టారు. మళ్ళీ 1912లో 3020 మొక్కలు వచ్చాయి. జపానులో పెద్ద పరిశోధనా సంస్థ ఉండాలని 1913లో ఆయన గట్టిగా చెప్పారు. 1917లో రికెన్ సంస్థ ఏర్పడింది. 1922 జులై 22న న్యూయార్కులో కన్నుమూశారు. సమాధి కూడా ఆ నగరంలోనే, పౌరుడిగా తనను ఒప్పుకోని దేశంలోనే ఉంది.

2005లో ఆ కోజి బూజు జన్యువుల పట్టిక మొత్తం ప్రకటించారు. సుమారు 12,000 జన్యువులున్నాయని తేలింది. 2006లో జపాను బ్రూయింగ్ సంఘం దాన్ని జాతీయ శిలీంధ్రంగా ప్రకటించింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! తకమినెకు విదేశీ చదువు ఉంది. ఆయన గెలిచింది మాత్రం అమ్మమ్మ ఇంట్లో తరాలుగా ఉన్న పనిని ఆ చదువుతో చూడటం వల్ల. మన ఇళ్ళల్లోనూ తోలు ఊనినవారు, కల్లు గీసినవారు, పిండి పులియబెట్టినవారు, మగ్గం నేసినవారు, విత్తనం దాచినవారు ఉన్నారు. ఆ పనులు చెప్పుకోవడానికి మనలో చాలామందిమి సిగ్గుపడ్డాం, మేమూ సిగ్గుపడ్డాం. ఆ పనిలో ఎంత కెమిస్ట్రీ ఉందో మాకు ఎవరూ చెప్పలేదు. మీకు మేం చెబుతున్నాం. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మనూ తాతనూ అడగండి, ఏం కలుపుతారో, ఎన్ని రోజులు ఉంచుతారో, ఎందుకలా చేస్తారో. అడిగి నోటు పుస్తకంలో రాయండి, తేదీ వేయండి, చెప్పినవాళ్ళ పేరు రాయండి. వచ్చే ఏడాది సంచికలో అవే చదవాలని మా కోరిక.